రెండు గ్రాఫిక్స్ కార్డులకు ఒక పవర్ సప్లై: మూడేళ్లు వాడాక

"టక్" మని చిన్న చప్పుడు. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. మానిటర్ మీద సిగ్నల్ లేదన్న మాట తేలింది. నీలం తెర లేదు, ఎర్రర్ లేదు. పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వెనక స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. రెండో ఆర్టీఎక్స్ 3090 (ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు) బిగించిన మూడో వారంలో, రెండు కార్డుల మీదా కలిపి మొదటిసారి ఏఐ మోడల్ ట్రైనింగ్ పెట్టిన రాత్రి జరిగిందిది.

ముందు ర్యామ్‌ను అనుమానించాను. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండో కార్డును. పాపం దానికేమీ కాలేదు, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు తిట్లన్నీ దానికే. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, స్లాట్లు మార్చాను, రెండు రోజులు పోయాయి. అసలు ఆనవాలు మొదటి రాత్రే కళ్లముందుంది. వెనక స్విచ్ ఆపి వేస్తేగానీ మెషిన్ లేవలేదంటే, పవర్ సప్లై తనంతట తాను రక్షణ కోసం మూసుకుని, అలాగే బిగుసుకుపోయిందన్నమాట. ర్యామ్ తప్పయితే రీస్టార్ట్ అవుతుంది, డ్రైవర్ తప్పయితే తెర గడ్డకడుతుంది. ఇలా దీపం ఆర్పినట్టు ఆగదు. విండోస్‌లో అయితే ఈవెంట్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అని ఒక్క ముక్క మిగులుతుంది. లినక్స్‌లో అదీ ఉండదు, లాగ్ వాక్యం మధ్యలో తెగిపోయినట్టు ఆగిపోతుంది.

అప్పుడు నా దగ్గర ఉన్నది 850 వాట్ల గోల్డ్ పవర్ సప్లై యూనిట్ (గోల్డ్, ప్లాటినం, టైటానియం అన్నవి 80 ప్లస్ అనే సామర్థ్యపు గుర్తింపులో మెట్లు). మంచి పేరున్నదే. లెక్క చూస్తే చాలదని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది: ఒక్కో 3090 కి 350 వాట్లు, అంటే రెండింటికి 700. ప్రాసెసర్ రైజెన్ 5950ఎక్స్ పూర్తి పనిలో 142 దాకా తాగుతుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులు కలిపి ఇంకో 70 వేసుకున్నా 900 దాటింది. ఈ లెక్క వేశాకే రెండో కార్డు కొన్నాను. అన్నీ ఒకేసారి పూర్తి పనిలో ఎప్పుడుంటాయిలే అనుకున్నాను. మూడు వారాలు ఆ ధీమా నిలబడింది కూడా.

ఎందుకు నిలబడిందో తర్వాత అర్థమైంది. ఆ మూడు వారాలూ నేను నడిపింది పెద్ద భాషా నమూనాలను, రెండు కార్డుల 48 జీబీ మెమరీలో సగం సగం పరిచి. అలా పొరలుగా విడదీసినప్పుడు మొదటి కార్డు తన వంతు లెక్క చేసి రెండోదానికి అందిస్తుంది, ఆ తర్వాత తను చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఒకటి పనిచేస్తుంటే ఒకటి ఊరుకుంటుంది కాబట్టి గోడ దగ్గర మీటరు 500, 550 దాటేది కాదు. ట్రైనింగ్ అలా కాదు. రెండు కార్డులూ ఒకేసారి లెక్కకు దిగుతాయి, ఒకేసారి ఆగి ఒకదానితో ఒకటి ఫలితాలు మార్చుకుంటాయి, మళ్లీ ఒకేసారి దూకుతాయి. సెకనుకు కొన్నిసార్లు జోడెద్దుల్లా కలిసి లాగి, కలిసి వదులుతాయి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ ఇంకో రకం: బరువు ఎక్కువే, కానీ నిలకడగా ఉంటుంది. కాబట్టి రెండు కార్డులకు ఎన్ని వాట్లు కావాలి అంటే, ముందు ఆ కార్డుల మీద ఏం నడుపుతారో చెప్పాలి. ఆటల కోసం రెండు కార్డులు పెట్టే రోజులు ఎటూ పోయాయి. 3000 సిరీస్‌లో ఎన్‌వీలింక్ (రెండు కార్డులను నేరుగా కలిపే లంకె) ఉన్న గేమింగ్ కార్డు 3090 వర్గం ఒక్కటే, 4090 వచ్చేసరికి అదీ తీసేశారు. ఇవాళ ఈ ప్రశ్న అడిగేది రెండరింగ్ వాళ్లు, మోడళ్లు నడిపేవాళ్లు.

సరే, పవర్ లిమిట్ తగ్గిద్దామని ఎన్విడియా-ఎస్ఎంఐలో (కార్డుల సెట్టింగులు చూసి మార్చే కమాండ్) ఒక్కో కార్డును 250 కి కట్టేశాను. ఇప్పుడు మొత్తం కలిపినా 700 చుట్టూ. 850 కి ఇంకా 150 ఖాళీ. హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మెషిన్ మళ్లీ చచ్చి ఉంది.

నాకు నిజంగా పాఠం అయింది ఆ రెండో చావే. గోడకు పెట్టిన మీటరు చూపించేది సెకనుకో సగటు. ఎన్విడియా-ఎస్ఎంఐ చూపించేదీ దాదాపు అంతే. కార్డు మాత్రం మిల్లీసెకన్ల లెక్కలో ఉలిక్కిపడుతుంది. 350 వాట్ల కార్డు కొన్ని మిల్లీసెకన్లు 500 దాటి లాగడం 3090 విషయంలో మామూలే. పవర్ లిమిట్ ఆ సగటును కిందికి దించుతుంది. ఉలికిపాటును కొంత తగ్గిస్తుందిగానీ పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే అది జరిగిపోయాకే కార్డులోని నియంత్రణ దాన్ని చూస్తుంది. రెండు కార్డులూ ఒకే క్షణాన ఉలిక్కిపడితే 850 వాట్ల యూనిట్ ఓవర్ పవర్ రక్షణ తన పని తాను చేసింది. దాని తప్పేం లేదు. పాత తరం యూనిట్లలో కొన్నింటికి ఈ రక్షణ మరీ చురుగ్గా ఉండేది, అంతే.

అప్పటికి పని నడిపించింది ఇంకో చిట్కా: పవర్ లిమిట్‌తో పాటు క్లాక్‌ను, అంటే చిప్పు పరుగు వేగాన్ని, కూడా కట్టేయడం. ఎన్విడియా-ఎస్ఎంఐలో ఎల్‌జీసీ అనే ఆప్షన్‌తో జీపీయూ క్లాక్‌కు పై హద్దు పెడితే, కార్డు ఆ పైకి ఎగరదు కాబట్టి ఎగిరి పడటమూ తగ్గుతుంది. అలా కట్టాక పాత 850 మీదే ఆరు వారాలు ఆగకుండా నడిపాను. కొత్త యూనిట్ కొనేలోపు ఇరుక్కున్నవాళ్లు ముందు ఇది చేసి చూడండి. రీబూట్ చేస్తే సెట్టింగులు పోతాయి. బూట్ అవ్వగానే వాటంతటవే పడేలా చిన్న సర్వీస్ రాసి పెట్టుకోవాలి. నేను ఒకసారి మర్చిపోయి ఒక రాత్రి పని పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నది 1300 వాట్ల ప్లాటినం. ఏ కంపెనీదో కావాలనే చెప్పడం లేదు. ఒకే కంపెనీ పేరు మీద వేరే వేరే ఫ్యాక్టరీల్లో తయారైన వేరే వేరే లోపలి డిజైన్లు అమ్ముడుపోతాయి. నా మోడల్ బాగుంది కదా అని అదే కంపెనీ ఇంకో మోడల్ కొంటే నా మాటకు విలువ ఉండదు. వాట్లు చూసి కొన్నానా అంటే, సగమే. మిగతా సగం నన్ను ఒప్పించింది దాని వెనక ఉన్న సాకెట్లు.

ఈ సాకెట్ల సంగతి ఎవరూ ముందు చూడరు. నా రెండు కార్డుల్లో ఒకదానికి రెండు 8 పిన్ కనెక్టర్లు, ఇంకోదానికి మూడు. మొత్తం ఐదు. ప్రాసెసర్ కోసం బోర్డుకు రెండు. అంటే ఏడు కేబుళ్లకు యూనిట్ మీద ఏడు చోట్లు కావాలి. పాత 850 కి ఉన్నవి ఆరే, అవీ ప్రాసెసర్‌కూ కార్డులకూ ఉమ్మడి. అందుకే అప్పట్లో ఒక కేబుల్ చివర రెండు తలలున్నది వాడాల్సి వచ్చింది, ఒక తల నుంచి ఇంకో తలకు చిన్న తోక వేలాడుతుంటుందే, అది. ఒక 8 పిన్ తలకు 150 వాట్లు హద్దు, అంటే 12 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. అందులో 12 వోల్టులు మోసే పిన్నులు మూడు, ఒక్కోదానికి 4 ఆంపియర్ల పైచిలుకు. హాయిగా మోస్తాయి. రెండు తలలనూ ఒకే కేబుల్ మీద పెట్టి, కార్డు నిండా లాగితే యూనిట్ వైపు అదే పిన్నుల మీద అది 8 దాటుతుంది. మామూలు పిన్నుకు అది అంచు. ట్రైనింగ్ నడుస్తుండగా ఒకరోజు వేలి వెనక భాగంతో తాకి చూశాను. ఒంటరి కేబుళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఈ రెండు తలల దాని ప్లగ్ మీద, యూనిట్‌లోకి దిగే చోట, వేలు రెండు సెకన్లు ఉంచలేకపోయాను. తీసి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ అంచు కాస్త పచ్చబడింది. కరగలేదు, అదృష్టం.

కొత్తదానికి కార్డుల కోసం ఆరు చోట్లు, ప్రాసెసర్‌కు రెండు. ఐదు తలలకు ఐదు వేరే కేబుళ్లు. లోపల తీగల గుబురు పెరిగింది, సైడ్ ప్యానెల్ మూయడానికి మోకాలితో నొక్కాల్సి వచ్చింది. కానీ మూడేళ్లలో ఏ ప్లగ్గూ వేలికి వేడిగా తగల్లేదు.

బోర్డు సంగతి కూడా చెప్పాలి. ప్రతి కార్డుకూ స్లాట్ నుంచి 75 వాట్ల దాకా తీసుకునే హక్కుంది. రెండు కార్డులంటే 150. అది దాదాపు అంతా 24 పిన్ ప్లగ్‌లోని రెండే రెండు 12 వోల్టుల తీగల మీదుగా వస్తుంది. అందుకే రెండు, మూడు కార్డుల కోసం చేసిన బోర్డుల అడుగున విడిగా ఇంకో పవర్ కనెక్టర్ ఉంటుంది. నా బోర్డుకూ ఉంది. మూడు నెలలు దాన్ని ఖాళీగా వదిలేశాను, అదేదో ఫ్యాన్లకనుకుని. మీ బోర్డుకు ఉంటే పెట్టండి. ఇంకో మాట: రెండో కార్డును కేబుల్ రైజర్ (కార్డును బోర్డుకు దూరంగా కలిపే తీగ) మీద పెట్టేవాళ్లు, డిస్కులకు వాడే సాటా ప్లగ్‌తో పవర్ తీసుకునే రైజర్‌ను ముట్టుకోకండి. సాటా ప్లగ్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లు, కార్డు అడగగలిగింది 75.

రైళ్ల గురించి, అంటే యూనిట్ లోపలి 12 వోల్టుల సరఫరా లైన్ల గురించి, అడుగుతుంటారు, సింగిల్ రైల్ మంచిదా, మల్టీ రైల్ మంచిదా అని. మల్టీ రైల్ అంటే 12 వోల్టుల సరఫరాను ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో హద్దు పెట్టడం. ఎక్కడైనా షార్ట్ అయితే తీగ కాలకముందే ఆగుతుంది, అది దాని మేలు. చిక్కేమిటంటే రెండు కార్డుల కేబుళ్లూ తెలియక ఒకే ముక్క మీద పెడితే, మొత్తం వాట్లు సగం కూడా వాడకుండానే ఆగిపోతుంది. ఏ సాకెట్ ఏ రైలుదో మాన్యువల్‌లో ఉంటుంది, చదివి పంచుకుంటే ఇబ్బంది లేదు. నాది సింగిల్ రైల్, 12 వోల్టుల మీద 108 ఆంపియర్లు. ఎక్కడ పెట్టినా ఒకటే. మాన్యువల్ చదివే ఓపిక నాకు లేదని ఒప్పుకుంటున్నాను.

ఆ ఓపిక లేకపోవడం వల్లే ఒక డిస్కు పోయింది. కొత్త యూనిట్ బిగించేటప్పుడు పాత సాటా కేబుల్ అప్పటికే కేబినెట్ వెనక నీట్‌గా కట్టి ఉంది. రెండు చివరలూ సరిగ్గా సరిపోయాయి, మళ్లీ ఎవరు లాగుతారని దాన్నే పెట్టేశాను. ఆన్ చేయగానే కాలిన వాసన, 4 టెరాబైట్ల డిస్కు అక్కడికక్కడే పోయింది. మాడ్యులర్ కేబుల్‌కు, అంటే యూనిట్ నుంచి ఊడదీయగలిగే దానికి, డిస్కు వైపు చివర అందరికీ ఒకటే, యూనిట్ వైపు చివర మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. 12 వోల్టులు రావాల్సిన చోట ఇంకోటి, 5 రావాల్సిన చోట 12 వచ్చేస్తాయి. ఒకే కంపెనీ రెండు సిరీస్‌ల మధ్య కూడా మారుతుంది. బ్యాకప్ ఉంది కాబట్టి ఇది ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను.

కొత్తది కొనకముందు రెండు వారాలు రెండు పవర్ సప్లైలతో కూడా నడిపాను. ఒక చిన్న అడాప్టర్‌తో రెండూ కలిసి ఆన్ అయ్యేలా పెట్టి, రెండో కార్డు కేబుళ్లను విడి యూనిట్‌కు ఇచ్చాను. పనిచేస్తుంది. కానీ ఒకటి ఆగి ఇంకోటి ఆగకపోతే కార్డుకు స్లాట్ నుంచి పవర్ ఉంటుంది, తల నుంచి ఉండదు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, దాని మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. తీసేశాను.

మూడేళ్ల వాడకంలో 1300 యూనిట్ ఒక్కసారి కూడా తనంతట తాను ఆగలేదు. మల్టీమీటర్‌తో ఏడాదికోసారి 12 వోల్టులు కొలుస్తాను: ఖాళీగా ఉన్నప్పుడు 12.1, రెండు కార్డులూ నిండా పనిలో ఉన్నప్పుడు 11.9 చుట్టూ. పీసీ పవర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. మొదటి ఏడాదికీ ఇప్పటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఫిర్యాదులు లేవని కాదు. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే హైబ్రిడ్ పద్ధతి దీనికి ఉంది. ఒక్క కార్డున్న మెషిన్‌కు అది బాగుంటుంది. రెండు కార్డుల వేడి నేరుగా కింద ఉన్న యూనిట్ కప్పు మీద పడుతుంటే, లోపలి ఫ్యాన్ ఆగి ఉండటం నాకు నచ్చలేదు. ఫ్యాన్ లేస్తే ఒక్కసారిగా గుర్రుమని లేచేది, రెండు నిమిషాలకు ఆగేది, మళ్లీ లేచేది. బటన్ నొక్కి ఆ పద్ధతి తీసేశాను, ఇప్పుడు నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది, చెవికి తెలియదు. ఇంకోటి, ట్రైనింగ్ అడుగుల లయకు తగ్గట్టు కీచుకీచుమనే సన్నటి శబ్దం. అందులో సగం కార్డులది, సగం యూనిట్‌ది. క్లాక్ కట్టేసినప్పుడు తగ్గుతుంది. రాత్రి ఆ చప్పుడు వింటూనే లూప్ ఎంత వేగంగా నడుస్తోందో పక్క గదిలోంచి చెప్పేయగలను, అదొక అలవాటు.

ప్లాటినం కోసం ఎక్కువ పెట్టాలా? లెక్క చూడండి. 900 వాట్ల పనికి 90 శాతం సామర్థ్యమైతే గోడ నుంచి 1000 తీసుకుంటుంది. 92 శాతమైతే 978. తేడా 22 వాట్లు. రోజుకు పది గంటలు అలా నడిపినా నెలకు ఆరేడు యూనిట్ల కరెంటు. దానికోసం ప్లాటినం కొనక్కర్లేదు. పెద్ద వాట్ల నాణ్యమైన యూనిట్లు చాలావరకు ప్లాటినంలోనే దొరుకుతాయి కాబట్టి కొన్నాను. ఇంకో వైపు, రోజంతా ఖాళీగా ఉండే మెషిన్‌కు మరీ పెద్దది కొంటే కొంచెం నష్టమే. నాది ఖాళీగా ఉన్నప్పుడు 110 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే 1300 లో పదో వంతు కూడా కాదు. అంత తక్కువలో ఏ యూనిట్ సామర్థ్యమైనా జారుతుంది. 80 ప్లస్ బిళ్లల్లో పది శాతం లోడ్‌ను కూడా పరీక్షించి ఇచ్చేది టైటానియం. మిగతావి 20 శాతం నుంచి మొదలవుతాయి.

యూపీఎస్ దగ్గర మళ్లీ పవర్ లిమిట్ అక్కరకొచ్చింది. యూపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే వీఏ (వోల్ట్-ఆంపియర్లు) కాదు చూడాల్సింది, పక్కన చిన్నగా రాసే వాట్లు. 1500 వీఏ అన్నది 900 వాట్లే కావచ్చు. కార్డులు 350 దగ్గర ఉంటే నా మెషిన్ గోడ దగ్గర దాదాపు 1000 లాగేది, కరెంటు పోగానే యూపీఎస్ కెవ్వుమని ఓవర్‌లోడ్ చూపించి చేతులెత్తేసేది. 280 కి కట్టాక 850 దగ్గర నిలబడింది. ఫైల్ సేవ్ చేసి మూసుకునే వ్యవధి దొరుకుతుంది. అలా కట్టడం వల్ల పోయిన వేగం ఎంత? నా పనిలో గంట పట్టేది 63, 64 నిమిషాలైంది. వేడి, చప్పుడు తగ్గాయి. మెమరీ చిప్పులు 100 డిగ్రీల పైనుంచి కిందికి దిగాయి. 1300 ఉన్నా సరే, ఇప్పటికీ 280 దగ్గరే నడుపుతున్నాను.

ఇవాళ మళ్లీ మొదటి నుంచి కొనాల్సి వస్తే ఏం చూస్తాను? నా యూనిట్ ఏటీఎక్స్ 3.0 రాకముందు డిజైన్. ఇది నిలబడింది కండబలం వల్ల. 2022 లో వచ్చిన ఆ ప్రమాణం ఈ ఉలికిపాట్లకే నియమం పెట్టింది: 100 మైక్రోసెకన్ల పాటు చెప్పిన వాట్లకు రెట్టింపు, ఒక మిల్లీసెకన్ దాకా 180 శాతం తట్టుకోవాలి. అందుకే ఇప్పుడు రెండు 3090 లకు, కార్డులను 280 కి కట్టుకునేవాళ్లకు, 3.0 లేదా 3.1 ముద్ర ఉన్న 1000 వాట్లదైనా పెట్టొచ్చంటాను. కట్టకుండా నడిపేవాళ్లకు 1200. కొత్త కార్డులైతే ఇంకో సంగతి: వాటికి 12వీ-2×6 అనే 16 పిన్ ప్లగ్. అలాంటివి రెండు నేరుగా యూనిట్ నుంచే వచ్చేది చూసుకోవాలి. ఒకటి నేరుగా, ఇంకోటి నాలుగు తలల అడాప్టర్‌తో అంటే కేబినెట్‌లో తీగల పుట్టే. 2022 చివర్లో 4090 లతో దీని ముందు రూపం ప్లగ్గులు కరిగిన సంగతి అందరికీ తెలిసిందే, తర్వాతి సవరణలో సెన్స్ పిన్నులు (ప్లగ్ దిగిందని కార్డుకు చెప్పేవి) పొట్టి చేసి, సరిగ్గా దిగకపోతే కార్డు లేవకుండా చూశారు. అయినా పూర్తిగా దిగేదాకా నొక్కి, ప్లగ్ మొదట్లోనే వంచకుండా ఉంచాలి. రెండు 5090 లంటే వాటికే 1150 వాట్లు, 1600 యూనిట్ తప్పదు. అలాంటివి కొన్ని 200 వోల్టుల పైన మాత్రమే పూర్తి వాట్లు ఇస్తాయి, 110 వోల్టుల దేశాల్లో ఉన్నవాళ్లు లేబుల్ చదవాలి.

పాత 850 ని పారేయలేదు. ఒక్క కార్డుతో ఇంకో మెషిన్‌లో పెట్టాను, రోజంతా రెండరింగ్ చేస్తుంది. ఆ పచ్చబడిన సాకెట్ మీద చిన్న టేప్ ముక్క అంటించాను, అది మాత్రం వాడను. ఇన్నాళ్లలో అక్కడ అది ఒక్కసారీ ఆగలేదు.